మా అల్లుడి పొగపీపా

మా అల్లుడు ఇనుప పీపా ఒకటి తెచ్చి పెరట్లో దింపగానే మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "ఇక్కడ కూడా నీళ్ళకు కటకటేనా అండీ?"

ఆవిడను తప్పు పట్టడానికి వీల్లేదు. ఎండాకాలం వస్తే వీధిలో టాంకరు కోసం బిందెలు వరసపెట్టి కాపురం చేసినవాళ్ళం. రెండువందల లీటర్ల డ్రమ్ము కనిపిస్తే మాకు నీళ్ళు తప్ప మరొకటి తోచదు. కాని అది మా ప్రకాశం జిల్లా కాదు. అమెరికాలో టెక్సాసు రాష్ట్రం. డాలసు నగరానికి అరగంట దూరంలో మా అమ్మాయి కాపురం. 2023 ఏప్రిల్ నెల. పీపా వచ్చింది నీళ్ళ కోసం కాదు, నిప్పు కోసం.

టెక్సాసు వాళ్ళకు మాంసం వండటమంటే ఒక వ్రతం. మంట మీద పెట్టి కాల్చటం వాళ్ళ దృష్టిలో తొందరపాటు మనుషులు చేసే పని. నిప్పు ఒకచోట, మాంసం ఎడంగా మరొకచోట. మధ్య వెచ్చని గాలీ పొగా నడుస్తూ వుండాలి. ఆ వేడి ఫారెన్‌హీటు లెక్కలో 225కూ 250కీ మధ్య, అంటే మన సెంటిగ్రేడులో 107 మొదలు 121 దాకా వుండాలి. అలా ఆరుగంటలు, పదిగంటలు, పెద్ద ముక్కయితే రాత్రంతా! మా అల్లుడు మమ్మల్ని ఒకసారి లాక్‌హార్టు అనే చిన్న ఊరు తీసుకు వెళ్ళాడు. అక్కడ 1900 లో మొదలయిన క్రైట్స్ మార్కెట్ అనే దుకాణం వుంది. పొడుగాటి ఇటుకల పొయ్యి, ఒక చివర కట్టెలు మండుతూ వుంటాయి, మధ్యలో మాంసం, రెండో చివర పొగగొట్టం. పొయ్యి దగ్గర నిలబడిన మనిషి మాంసం వంక చూడటం కన్న నిప్పు వంక చూడటమే ఎక్కువ. మా ఆవిడ శనివారాలు మాంసం ముట్టదు. ఆ రోజు శనివారం. ఆవిడ మటుకు గుమ్మం దగ్గర కూచుని, "వాసన మన ఊళ్ళో బొగ్గుబట్టీల దగ్గర వాసనలాగే వుందండీ" అన్నది.

ఆ మాట ఆవిడ మాటవరసకు అన్నా అందులో కొంత నిజం వుంది. లాక్‌హార్టు వాళ్ళు కాల్చేది ఓకు కట్టె అనుకోండి. కాని పడమటి టెక్సాసులో మెస్కీటు అనే ముళ్ళచెట్టు కట్టె కాలుస్తారు. అది మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. మన చేలగట్ల మీద ఎవడూ పిలవకుండా వచ్చి కూచున్న ఆ చెట్టు అమెరికా ఖండం నుంచి వచ్చినదే. మనం తిట్టుకుంటూ బొగ్గు చేసి అమ్ముకుంటాం. వాళ్ళు ఆ చుట్టాన్ని సంచుల్లో పోసి, ధర కట్టి, వంటకు వాడుతారు.

సరే, అల్లుడి పీపా సంగతి చెబుతాను.

మనుమడికి మూడో పుట్టినరోజు రాబోతున్నది. ఇరవైమందిని పిలిచారు. బజారులో వెయ్యి డాలర్లు పెట్టి స్మోకరు కొనే బదులు తానే చేస్తానని మా అల్లుడు పట్టుపట్టాడు. కొత్త పీపా, లోపల రంగూ పూతా లేనిది, చూసి తెచ్చాడు. (ఈ సంగతి ముఖ్యం. పాత పీపాల్లో ఏం పోశారో తెలియదు. పూత వున్న పీపాలో వండితే పూత కూడా తిన్నట్టే.) అడుగున బొగ్గుకు ఇనుప బుట్ట, దానికి రెండడుగుల పైన మాంసానికి వూచల చట్రం, మూతకు పొగపోయే బెజ్జాలు, అడుగు అంచున చుట్టూ మూడు బెజ్జాలు, ఒక్కొక్కటి అంగుళం వెడల్పు. అంతే యంత్రమంతా.

మా అల్లుడు కంప్యూటరు ఇంజనీరు. మంచి కుర్రవాడు. కాని మా ఇద్దరి మధ్యా అప్పటికి అయిదేళ్ళుగా నడుస్తున్న సంభాషణ ఏమంటే, "భోజనం అయిందా మావయ్యగారూ?" "అయింది బాబూ. మీదో?" అంతకు మించి మాకు మాటలు దొరికేవి కావు. నేను చెప్పిన భౌతికశాస్త్రం అతనికి అక్కరలేదు, అతని కంప్యూటరు నాకు అర్థం కాదు. అటువంటిది, ఆ ఆదివారం పొద్దున అతను పెరట్లో డ్రిల్లు పట్టుకుని నిలబడి, "మావయ్యగారూ, బెజ్జాలు కొట్టటం అయితే కొట్టాను గాని, వాటిని మూయటం ఎలాగో తోచటం లేదు" అన్నాడు.

ముప్ఫయిమూడేళ్ళు కాలేజీలో పాఠం చెప్పి రిటైరయినవాణ్ణి. నన్ను సలహా అడిగి ఎన్నాళ్ళయిందో! పంచె ఎగగట్టి పెరట్లోకి దిగాను.

పొయ్యికి బెజ్జాలెందుకో మన ఆడవాళ్ళకు చెప్పనక్కరలేదు. మా అమ్మ బొగ్గుల కుంపటి మీద పాలు కాచేది. నిప్పు ఎక్కువయిందనుకుంటే కుంపటి నోటికి పెంకు ఒకటి అడ్డం పెట్టేది. తగ్గిందనుకుంటే పెంకు జరిపి విసనకర్రతో నాలుగు విసుర్లు విసిరేది. నిప్పు ఎంత తింటుందన్నది బొగ్గు మీద లేదు, గాలి మీద వుంది. బొగ్గు నిండా వున్నా గాలి అందకపోతే నిప్పు కునుకుతుంది. వేడిగాలి పైకి పోతూ తన వెనక చల్లగాలిని కిందనుంచి లాక్కుంటుంది. పైన పొగగొట్టం, కింద బెజ్జం: ఈ రెంటి మధ్య గాలి నడకే పొయ్యికి ఊపిరి.

మా మేనమామకు పొగాకు బ్యారన్ వుండేది. వర్జీనియా పొగాకు మండెలు కట్టి లోపల వేలాడదీసి, బయట కొలిమిలో కట్టెలు వేసి, గొట్టాల గుండా వేడి పంపేవారు. పచ్చ ఆకు పసుపు తిరిగే రోజుల్లో వేడి నలభై డిగ్రీలు దాటకూడదు. ఆఖరున ఈనె ఎండే రోజుల్లో డెబ్బయి దాకా పోవాలి. అదంతా పైన ఒక కిటికీ, కింద ఒక కిటికీ తెరవటం మూయటంలో వుంది. మామయ్య రాత్రిళ్ళు నిద్రపోయేవాడు కాదు. ఒక్కరాత్రి కిటికీ మరిచిపోతే ఆకు నల్లబడి, సంవత్సరం కష్టం మట్టిలో కలిసిపోతుంది. ఆ ముచ్చట అల్లుడికి చెప్పాను. అతను డ్రిల్లు కింద పెట్టి విన్నాడు.

మొదటి ప్రయత్నం: రేకుముక్కకు ఒక మూల బెజ్జం కొట్టి బోల్టుతో బిగించాం, గడియలాగా తిరుగుతుందని. వదులుగా బిగిస్తే జారి కిందికి వేలాడింది. గట్టిగా బిగిస్తే కదలలేదు. బూడిద పడితే కిర్రుమన్నది. అప్పుడు మా అల్లుడు, "అయస్కాంతంతో అతికిస్తే?" అన్నాడు. వేలితో ఇటు తోస్తే ఇటు, అటు తోస్తే అటు. వెంట్రుకవాసి జరపాలంటే వెంట్రుకవాసి జరుగుతుంది. కడగాలంటే ఊడదీయవచ్చు. పీపాకు కొత్త బెజ్జం అక్కరలేదు. నాకు ఆ ఆలోచన అమాంతం నచ్చింది.

మొదట ఫ్రిజ్జు తలుపుకున్న మెత్తటి అయస్కాంతపు రేకు ఒకటి పీకి పెట్టాం. అది అరగంటలో మెత్తబడి, వంకర తిరిగి, రబ్బరు కాలిన కంపు కొట్టింది. తరువాత అల్లుడు బజారుకు వెళ్ళి గుండీల వంటి చిన్న అయస్కాంతాలు పది వున్న పాకెట్టు తెచ్చాడు. నియోడిమియం అనే లోహం కలిపినవి. 1980 ల మొదట్లో జపానులో ఒకరూ అమెరికాలో ఒకరూ దాదాపు ఒకేసారి కనిపెట్టినవి. శనగబద్దంత వుంటాయి గాని, రెంటిని విడదీయాలంటే గోళ్ళు విరగాలి. ఒక్కొక్క రేకుకు రెండేసి చొప్పున మూడు రేకులకు ఆరు అతికించాం. నాలుగు మిగిలాయి.

ఆ సాయంత్రం పరీక్షగా రెండు కోళ్ళు పెట్టాం. గంటసేపు పీపా ఎంత మర్యాదగా నడిచిందని! ధర్మామీటరు ముల్లు 240 దగ్గర నిలబడింది. లోపల నుంచి పల్చని నీలిపొగ. (పొగ తెల్లగా దట్టంగా వస్తే మాంసం చేదెక్కుతుంది, కనిపించీ కనిపించనట్టు నీలంగా రావాలి. అందుకే పైబెజ్జాలు ఎప్పుడూ మూయకూడదు, వేడి తగ్గించాలంటే కింది వాటినే మూయాలి.) మేమిద్దరం కుర్చీలు వేసుకుని కూచున్నాం. అతను తన చిన్నతనంలో గుంటూరులో గాలిపటాలు ఎగరేసిన కథ మొదలుపెట్టాడు. అతనికి గాలిపటాల పిచ్చి వుందని అయిదేళ్ళలో నాకు తెలియదు.

కథ సగంలో టక్కుమని చప్పుడయింది. ఒక రేకు ఊడి గడ్డిలో పడింది. చూస్తూండగానే రెండోది జారింది. మూడోదాన్ని పట్టుకోబోయి అల్లుడు వేలు కాల్చుకున్నాడు. మూడు బెజ్జాలూ బార్లా తెరుచుకున్నాయి. పైగా ఏప్రిల్ నెల దక్షిణపు గాలి, కమ్మరి తిత్తి వూదినట్టు సూటిగా బెజ్జంలోకే కొడుతున్నది. ముల్లు 300 దాటింది, 350 దాటింది. మూత తీద్దామంటే ఇంకా గాలి తగిలి మంట లేస్తుంది. తడిగుడ్డలు చుట్టి బెజ్జాలు కుక్కేసరికి కోళ్ళు రెండూ బొగ్గులతో పోటీ పడుతున్నాయి.

అల్లుడు ఒక్కమాట అనలేదు. నాకు మాత్రం తల ఎత్తుకోవటానికి సిగ్గు వేసింది. ఏమంటే, అయస్కాంతం వేడెక్కితే శక్తి పోగొట్టుకుంటుందన్న పాఠం నేను ముప్ఫయిమూడుసార్లు చెప్పాను! విలియం గిల్బర్టు అనే ఇంగ్లీషు వైద్యుడు 1600 లో అయస్కాంతం మీద రాసిన పెద్ద గ్రంథంలోనే ఎర్రగా కాలిన ఇనుము అయస్కాంతానికి లొంగదన్న సంగతి వుంది. పియరీ క్యూరీ 1895 లో ఏ లోహం ఏ వేడి దగ్గర ఆ గుణం వదులుకుంటుందో కొలిచి చూపాడు. ఇనుముకు అది 770 డిగ్రీల సెంటిగ్రేడు. మామూలు రకం నియోడిమియం అయస్కాంతమయితే 80 డిగ్రీలు దాటితే చాలు, నీరసపడటం మొదలుపెడుతుంది, చల్లారినా పోయిన బలం తిరిగిరాదు. నిప్పుల బుట్ట పక్కన గోడ 80 డిగ్రీల దగ్గర ఆగుతుందా? క్లాసులో బల్ల మీద చెప్పిన పాఠం పెరట్లో పొయ్యి దగ్గర జ్ఞాపకం రాలేదు. అంతే.

మర్నాడు అల్లుడు ఆఫీసుకు వెళ్ళాక కసి పట్టి కూచున్నాను. వేడికి లొంగని అయస్కాంతం వున్నది. దాని పేరు ఆల్నికో: అల్యూమినియం, నికెలు, కోబాల్టు ఇనుముతో కలిపి చేస్తారు. ఆ కోవలో మొదటిదాన్ని 1931 లో మిషిమా అనే జపాను శాస్త్రజ్ఞుడు తయారు చేశాడు. అది నాలుగువందల డిగ్రీల సెగను కూడా ఓర్చుకుంటుంది. కాని బజారులో ఆల్నికో ఎక్కడ దొరుకుతుంది? మా అమ్మాయి ఫోను చేసి విచారించి, నవ్వు ఆపుకోలేక, "నాన్నా, ఆవుల దుకాణంలో దొరుకుతుందట!" అన్నది.

నేను వేళాకోళం అనుకున్నాను. తీరా చూస్తే నిజమే. ఆవు గడ్డిని నమలకుండా మింగుతుంది కదా, గడ్డితో పాటు మేకులూ తీగముక్కలూ కూడా పోతాయి. అవి పొట్టలో రెండో అరలో చేరి గుచ్చుకుంటాయి. ఆ అరకు గుండె బొత్తిగా పక్కనే. అంచేత అక్కడి రైతులు చిటికెనవేలంత అయస్కాంతపు కడ్డీ ఒకటి ఆవు గొంతులోంచి లోపలికి జారవిడుస్తారు. అది బరువుకు ఆ అరలోనే కూచుని, వచ్చిన మేకునల్లా తనకు అంటించుకుని, ఆవు బతికినంతకాలం అక్కడే కాపురం చేస్తుంది. పశువుల దాణా అమ్మే దుకాణంలో, తాళ్ళ పక్కన, ఆవు అయస్కాంతాలు వరసగా వేలాడుతున్నాయి. మనుమణ్ణి చంకనేసుకుని వెళ్ళి, పాకెట్టు మీద ఆల్నికో అని వున్నవి వెతికి మూడు కొన్నాం.

ఇంకో చిక్కు. ఇనుపరేకు మీద అయస్కాంతం పెడితే, ఆ లాగుడంతా ముందు రేకే పీల్చుకుంటుంది, వెనక వున్న పీపాకు అందేది కొంచెం. రేకు అయస్కాంతానికి అంటనిదయితే లాగుడు దానిగుండా సాఫీగా పీపాను చేరుతుంది. అటువంటి రేకు కోసం, మిగిలిన గుండీ అయస్కాంతాలు రెండు చేతబట్టుకుని మా అమ్మాయి వంటిల్లంతా తనిఖీ చేశాను. స్టీలు గ్లాసులు అంటలేదు. బిస్కట్ల డబ్బా అంటింది. మా ఆవిడ ఒంగోలు నుంచి మోసుకు వెళ్ళిన అట్లపెనం ప్రాణం పోయినా వదలనన్నంత గట్టిగా పట్టుకుంది. కేకులు కాల్చే పళ్ళెం అల్యూమినియానిది: అంటలేదు. దొరికిందిరా అనుకుంటూండగా ఒంగోలు నుంచి మా తమ్ముడు ఫోను చేశాడు. ఇంటిపన్ను సంగతి. అరగంట మాట్లాడాను. తరువాత పళ్ళెం కత్తిరించి మూడు మూతలు చేశాను. అల్లుడు సాయంత్రం వచ్చి చూసి, మూత మీద కడ్డీని అడ్డంగా పడుకోబెట్టి, ఇటూ అటూ జరిపి, "భేషుగ్గా వుంది మావయ్యగారూ!" అన్నాడు. ఆ రాత్రి పరీక్షించాం. మూడు గంటల్లో ఒక్క మూత కదలలేదు.

నా చేతిలో వున్న రెండు గుండీలూ ఏమయ్యాయన్నది అప్పుడు నేను ఆలోచించలేదు.

విందు శనివారం. శుక్రవారం సాయంత్రం సామాను సర్దుతూ మా అమ్మాయి గుండీ అయస్కాంతాల సీసా తీసి, "నాన్నా, ఇవి ఎన్ని?" అంది. పది అన్నాను. ఆమె లెక్కపెట్టింది. ఎనిమిది. మళ్ళీ లెక్కపెట్టింది. ఎనిమిదే. అంతలో సోఫా కింద నుంచి మనుమడు ఏదో చప్పరిస్తూ బయటికి వచ్చాడు. నోట్లో వేలు పెట్టి చూస్తే ఏమీ లేదు. "ఏం మింగావురా?" అంటే నవ్వాడు. "బిళ్ళ" అన్నాడు.

మా అమ్మాయి మొగం అప్పుడు ఎట్లా తెల్లబోయిందో నేను ఇక్కడ రాయలేను. ఆమెకు నాకన్న ముందే తెలుసు, అమెరికా తల్లులందరికీ ఈ సంగతి తెలుసు. ఒక్క అయస్కాంతం మింగితే అది దారినపడి పోవచ్చు. రెండు మింగితే, ఒకటి పేగులో ఈ మడతలో, రెండోది ఆ మడతలో వుండి, మధ్య పేగుగోడలను పట్టుకుని ఒకదాన్నొకటి లాక్కుంటాయి. నొక్కుకుపోయినచోట రక్తం ఆడక పేగుకు బెజ్జం పడుతుంది. పైకి మొదట ఏమీ కనబడదు. మామూలు కడుపునొప్పి, వాంతి, అంతే. కనిపించేసరికి ఆలస్యం అవుతుంది. ఇటువంటి గుండ్లు ఆటవస్తువులుగా అమ్మి ఎందరో పిల్లలు ఆపరేషన్ల పాలయిన తరువాత, 2022 లో ఆ దేశపు వినియోగవస్తువుల భద్రతా సంఘం, మింగటానికి వీలయినంత చిన్నవీ ఇంత బలమైనవీ వినోదపు వస్తువులుగా అమ్మకూడదని కట్టడి చేసింది. కాని పనిముట్ల దుకాణంలో అమ్మేవాటికి ఆ కట్టడి లేదు. నేను ఇంట్లోకి తెప్పించినవి అవి.

ఆసుపత్రికి ఫోను చేస్తే, ఏమీ తినిపించవద్దు, వాంతి చేయించవద్దు, తెల్లవారేదాకా చూద్దామనుకోవద్దు, ఇప్పుడే తీసుకురండి అన్నారు. అల్లుడు కారు తీశాడు. అమ్మాయి పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూచుంది. నేనూ వస్తానన్నాను. "వద్దు నాన్నా, నువ్వు ఇంట్లోనే వుండు" అంది. కోపంగా అనలేదు. అనివుంటే బాగుండేది.

మేమిద్దరం తివాచీ ఎత్తి చూశాం, సోఫా బోర్లించి చూశాం, ఆవు అయస్కాంతాన్ని దారానికి కట్టి ఇల్లంతా ఈడ్చి చూశాం. రెండు గుండుసూదులూ ఒక జడపిన్నూ దొరికాయి. మా ఆవిడ నోట మాట లేదు. దేవుడి పటం ముందు దీపం పెట్టి కూచుంది. నేను పెరట్లోకి వెళ్ళాను. మూడు మూతలతో ముస్తాబయిన పీపా వెన్నెట్లో నా వంక చూస్తున్నది. మూడు మూతలూ పీకి గ్యారేజీలో ఒక మూలకు విసిరేశాను.

పదకొండున్నరకు ఫోను వచ్చింది. ఎక్స్‌రే తీశారు. పిల్లవాడి పొట్టలో లోహం ఆనవాలు లేదు. "బిళ్ళ" అన్నది పక్కింటావిడ ఇచ్చిన పిప్పరమెంటు. వాళ్ళు ఇంటికి వచ్చేసరికి పిల్లవాడు తండ్రి భుజం మీద నిద్రపోతున్నాడు. నేను అల్లుడితో ఏదో చెప్పబోయాను. ఏం చెప్పబోయానో నాకే తెలియదు. అతను, "పడుకోండి మావయ్యగారూ, పొద్దున్నే నిప్పు వెయ్యాలి" అని లోపలికి వెళ్ళిపోయాడు.

నాకు నిద్రపట్టలేదు. పొట్టలో లేవు, సరే. మరి ఎక్కడ వున్నాయి? పిల్లవాడు రేపు వాటిని కనుక్కుంటే?

తెల్లవారి ఆరుగంటలకు వంటింట్లోంచి మా ఆవిడ కేక వేసింది. "ఏమండీ!" ఆ పిలుపు ముప్ఫయితొమ్మిదేళ్ళుగా వింటున్నాను, అందులో ఎన్ని రకాలున్నాయో నాకు తెలుసు. ఇది కొత్తరకం. పరుగెత్తాను. పిల్లలకు అట్లు పోద్దామని మేకుకు తగిలించిన పెనం తీసి బోర్లించి చూపిస్తున్నది. పెనం వీపున, నల్లటి మసిలో, రెండు గుండీలు బల్లుల్లాగా కరుచుకుని వున్నాయి.

ఫోను వచ్చినప్పుడు నేను పెట్టినవే. నేనే పెనాన్ని మేకుకు తగిలించి, ఇంటిపన్ను మాట్లాడటానికి వెళ్ళిపోయాను.

ఈ మాట ఇంట్లో చెప్పకుండా వుండటం సాధ్యమే. మా ఆవిడ నా వంక చూసి, "సోఫా కింద దొరికాయని చెబుదామా?" అని మెల్లిగా అడిగింది కూడా. ఆవిడ మంచితనం అటువంటిది. నేను పెనం అలాగే పట్టుకుని అమ్మాయి దగ్గరకు వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె చాలాసేపు ఆ రెండు గుండీల వంకే చూసింది. తరువాత కళ్ళు తుడుచుకుని, "దొరికాయి కదా నాన్నా. నేను రాత్రంతా ఇల్లు వూడవాలేమో అనుకుంటున్నాను" అంది. ఆ ఎక్స్‌రేకు ఎంత బిల్లు వేశారో ఆమె నాకు ఇంతవరకు చెప్పలేదు. మిగిలిన ఎనిమిదింటినీ అల్లుడు అప్పుడే డబ్బాలో పెట్టి, చుట్టూ టేపు చుట్టి, కారులో వేసుకుపోయి ఆఫీసు బీరువాలో పెట్టి వచ్చాడు.

రాగానే గ్యారేజీలోంచి నేను విసిరేసిన మూడు మూతలూ ఏరుకొచ్చి నా ముందు పెట్టాడు. "కిటికీలు ఎవరు చూస్తారండీ? మీ మామయ్యగారు రాత్రిళ్ళు నిద్రపోయేవారు కాదన్నారుగా" అన్నాడు.

ఏడున్నరకు నిప్పు వేశాం. బుట్ట నిండా చల్లటి బొగ్గు, నడిమధ్యన పది రాజుకున్న బొగ్గులు. నిప్పు పైనుంచి కిందికి మెల్లిగా పాకాలి. మూడు మూతలూ తీసి, ముల్లు 200 దాటేదాకా ఆగాం. అప్పుడు గాలివాలు మూత పూర్తిగా మూశాం. రెండోది సగం. మూడోది గోరంత సందు వుంచి. ఇక్కడ నేర్చుకున్న సంగతి ఒకటి: మూత జరిపాక పొయ్యి ఆ మాట వినటానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. ఈలోగా మనిషి ఓర్పు పట్టలేక మళ్ళీ జరుపుతాడు. అప్పుడు ముల్లు అటు దూకి ఇటు దూకి, రోజంతా దాని వెంట పరుగే. మా అల్లుడు రెండుసార్లు చెయ్యి చాపాడు. రెండుసార్లూ నేను గడియారం చూపించాను. మరొకటి: మూత వేడిగా వుంటుంది గదా అని పట్టకారుతో జరపబోతే పట్టకారు కడ్డీకి అంటుకుని మూతతో సహా వూడి వచ్చింది. మా ఆవిడ కర్రగరిట ఇచ్చింది. ఆ పూట అదే మా పనిముట్టు.

పన్నెండు గంటలకు మబ్బు పట్టి నాలుగు చినుకులు పడ్డాయి. వచ్చినవాళ్ళలో ఒక కుర్రవాడు పీపాను గ్యారేజీలోకి జరుపుదామన్నాడు. నేను సుతరామూ ఒప్పుకోలేదు. బొగ్గునిప్పు నాలుగు గోడల మధ్య పెడితే వచ్చే విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. చలికాలం గదిలో కుంపటి పెట్టుకుని తలుపులు బిగించుకుని పడుకున్న కుటుంబాల కబురు మనం పేపర్లో చదవలేదూ? గొడుగులు పట్టుకు నిలబడ్డాం. పీపా తడిసింది, మేము తడిశాం, ముల్లు మాత్రం 235 దగ్గర నుంచి కదలలేదు.

మేకమాంసపు తొడలు రెండు ఆరుగంటలు, కోళ్ళు మూడుగంటలు పట్టాయి. కోడి లోపలి వేడి 165 అయిందో లేదో సూది ధర్మామీటరు గుచ్చి చూసుకోవాలి. రంగు చూసి నమ్మటానికి వీల్లేదు. శనివారం కాబట్టి మా ఆవిడ వాటి వంక చూడలేదు. వాటికన్న ముందే, పొద్దున్నే, శుభ్రమైన చట్రం మీద ఒక్కదానికే చోటు అడిగి, నూనె రాసిన వంకాయలు పన్నెండు కాల్పించుకుంది. తొక్క వలిచి, పచ్చిమిరపకాయలూ చింతపండూ వేసి పచ్చడి చేసింది. ఇరవైమందిలో అమెరికావాళ్ళు ఆరుగురు. మాంసం బాగుందన్నారు, మర్యాదకు కావచ్చు. పచ్చడి గిన్నె మటుకు రొట్టెముక్కతో తుడిచి తిన్నారు. వంకాయను పొగలో పెట్టటం ఎక్కడ నేర్చుకున్నారని ఒకావిడ అడిగితే మా ఆవిడ ఇంగ్లీషులో, "కుంపటి" అన్నది.

సాయంత్రం అల్లుడు మిగిలిపోయిన గాలిపటాల కథ చెప్పాడు. మాంజా సంగతి, మేడమీద నుంచి పడి చెయ్యి విరిగిన సంగతి.

పెనానికి దొరికిన ఆ రెండు గుండీలనూ మా ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు. చేతిసంచీలో పెట్టుకుని ఒంగోలు తెచ్చింది. ఇప్పుడు మూతబిగించిన ఇత్తడి డబ్బాలో, కుట్టుసూదుల మధ్య, తాళం వేసిన బీరువా పై అరలో వున్నాయి. కింద సూది పడితే తీసి వెతుకుతుంది. పని అయిపోగానే నేను ఎక్కడున్నా వినబడేటట్టు కేకవేసి చెబుతుంది:

"రెండూ వున్నాయండీ!"